మా అబ్బాయి కంటిన్యుయేషన్ స్కూల్లో చేరిన సంగతి

2023 డిసెంబరులో మా అబ్బాయి స్కూల్ కౌన్సిలర్ ఒకసారి వచ్చి కలవమని కబురు పెట్టింది. మేముండేది కాలిఫోర్నియాలో, బే ఏరియాలో. వాడప్పుడు పదకొండో తరగతి. ఆవిడ ట్రాన్‌స్క్రిప్ట్ మా ముందు పెట్టి పెన్సిల్‌తో కూడుతూ వెళ్లింది. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో డిప్లొమాకి, అంటే హైస్కూల్ పూర్తయినట్టు ఇచ్చే పట్టాకి, 220 క్రెడిట్లు కావాలి. ఒక సబ్జెక్టు ఒక సెమిస్టర్ పాసైతే 5. ఆపాటికి వాడి దగ్గర 150 ఉండాలి. ఉన్నవి 85.

చదువు రాని పిల్లాడు కాదు. ఎనిమిదో తరగతి చాలా వరకు గదిలో లాప్‌టాప్ ముందే గడిచింది. ఆ తర్వాత రెండు వేల మంది ఉన్న హైస్కూల్లోకి వెళ్లాక పొద్దున్నే కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. డాక్టర్ పరీక్షలన్నీ చేయించి, ఇది టెన్షన్ వల్ల వస్తోందని చెప్పాడు. అది అర్థం చేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా వాడి మీద అరిచాను. ఇప్పటికీ అదే బాధ.

క్రెడిట్లలో వెనకబడిన పిల్లలు డిప్లొమా పూర్తి చేసుకోవడానికి కంటిన్యుయేషన్ స్కూల్ అని వేరే చిన్న బడి ఉంటుంది. కౌన్సిలర్ దాని పేరెత్తగానే మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. మన వాళ్లలో ఆ మాటకి "చెడిపోయిన పిల్లల బడి" అనే అర్థం. శనివారం పూట నలుగురం కలిస్తే ఏపీ అనే కాలేజీ స్థాయి క్లాసులు, కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీ మార్కులు తప్ప వేరే మాట ఉండదు. అక్కడ ఈ సంగతి ఏ నోటితో చెప్పాలి?

ఆ రాత్రి ఆ కంటిన్యుయేషన్ స్కూల్ వివరాలు, ఫలితాలు ఉండే రిపోర్ట్ కార్డ్ తెరిచాను. కాలిఫోర్నియాలో ప్రతి ప్రభుత్వ పాఠశాలా ఏటా ఫిబ్రవరి 1 లోపు ఇలాంటిది బయటపెట్టాలి. పిల్లలు నూట ముప్పై మంది లోపే. సగానికి పైగా లాటినో పిల్లలు. నలుగురిలో ముగ్గురు తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల వాళ్లు. ఫాస్టర్ కేర్‌లో, అంటే సొంతవాళ్ల దగ్గర కాక ప్రభుత్వ సంరక్షణలో ఉన్నవాళ్లకి, ఉండటానికి ఇల్లే లేనివాళ్లకి వేరే వరుసలున్నాయి. ఆ వరుసలు చదువుతుంటే నా కష్టం ఎంత చిన్నదో తెలిసింది. పదకొండో తరగతి మ్యాథ్స్‌లో రాష్ట్ర ప్రమాణం అందుకున్నవాళ్లు వందకి ఐదుగురు కూడా లేరు. లాప్‌టాప్ మూసేశాను. మేం ఈ ఇల్లు కొన్నదే స్కూల్ రేటింగ్ చూసి.

వారం తర్వాత వెళ్లి ప్రిన్సిపల్‌ని కలిశాం. ఆ అంకెలు చూసి భయపడ్డామని దాచకుండా చెప్పాను. ఆయన అడ్డం చెప్పలేదు. "మా దగ్గరికొచ్చే ప్రతి పిల్లాడూ వెనకబడే వస్తాడు. వెనకబడని వాణ్ణి మా దగ్గరికి పంపరు" అన్నాడు. ఆలోచిస్తే నిజమే. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల లెక్కలు వేరే ఎక్కడో వదిలేసి వచ్చిన పిల్లలు పదకొండులో పరీక్ష రాస్తే, ఆ ఫలితం ఈ చిన్న బడి పేరు మీద పడుతుంది. తొమ్మిదిలో చేరినవాళ్లలో ఎంతమంది నాలుగేళ్లలో డిప్లొమా తెచ్చుకున్నారో చూసే గ్రాడ్యుయేషన్ లెక్కలో కూడా పిల్లాడు మామూలుగా చివర చదివిన స్కూల్ ఖాతాలోకే వెళ్తాడు. అంటే మా వాడు మారిపోతే పాత పెద్ద స్కూల్ అంకెలు కాస్త మెరుగవుతాయి. ఇది నాకు అన్యాయంగానే తోచింది.

అందుకే రాష్ట్రం ఇలాంటి బడులకి డాస్ (డ్యాష్‌బోర్డ్ ఆల్టర్నేటివ్ స్కూల్ స్టేటస్) అనే వేరే హోదా ఇచ్చింది. వీటికి ఒక్క ఏడాది గ్రాడ్యుయేషన్ రేటు కూడా లెక్కగడతారు. ఆ ఏడాది పన్నెండులో ఉన్నవాళ్లలో ఎంతమంది డిప్లొమాతో బయటికెళ్లారో అందులో కనిపిస్తుంది. ఆయన ఆ అంకె చూపించాడు. పదిమందిలో ఎనిమిది మందికి పైగానే. నేను ఆ రాత్రి ఆ పేజీ దాకా వెళ్లనే లేదు.

ఈ బడులు కొత్తవేం కావు. కాలిఫోర్నియాలో 1919 నుంచీ ఉన్నాయి. పదహారేళ్లు నిండినవాళ్లని తీసుకుంటారు, పనికి వెళ్లే పిల్లలకి వీలుగా వారానికి కనీసం 15 గంటల హాజరు పెట్టారు. మా వాడి పక్కన కూర్చునే అమ్మాయి సాయంత్రాలు వాళ్లమ్మతో కలిసి ఆఫీసులు శుభ్రం చేసే పనికి వెళ్లేది. జామెట్రీ వాడికి అర్థమయ్యేలా చెప్పింది ఆ అమ్మాయే.

జనవరిలో చేరాడు. ఒక్కో సబ్జెక్టుకి ఒక పసుపుపచ్చ అట్ట కార్డు ఇచ్చారు, దాని మీద గళ్లు. పని పూర్తయినకొద్దీ టీచర్ ఒక్కో గడిలో తేదీ వేసి సంతకం పెట్టేది. ఒక గడికి ఒక క్రెడిట్. సెమిస్టర్ చివరిదాకా ఆగి, ఒక్క ఎఫ్‌తో, అంటే ఫెయిల్ గ్రేడుతో, అంతా పోగొట్టుకునే భయం లేదు. మొదటి వారం ఒక్క గడి నిండింది. వాడు కార్డు తెచ్చి వంటగది గట్టు మీద, నా కాఫీ కప్పు పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లాడు. మార్చికల్లా కడుపునొప్పి తగ్గింది. గేటు దగ్గర ప్రిన్సిపల్ ప్రతి పిల్లాణ్ణీ పేరు పెట్టి పలకరించేవాడు. రెండు వేల మందిలో అది కుదిరే పని కాదు.

లోటు కూడా చెప్పాలి. ఏపీ క్లాసులు లేవు, సరైన కెమిస్ట్రీ ల్యాబ్ లేదు. మా వాడికి కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలైన యూసీ, సీఎస్‌యూల్లో నేరుగా చేరే దారి కూడా మూసుకుపోయింది. ముందు రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ, అక్కడి నుంచి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్. ఇది ఒప్పుకోవడానికి మా ఆవిడకన్నా నాకే ఎక్కువ సమయం పట్టింది.

2025 జూన్‌లో 220 పూర్తి చేశాడు. గుంటూరు నుంచి అమ్మ వీడియోలో చూసింది. రిపోర్ట్ కార్డ్‌లో ఏషియన్ అన్న వరుసలో అంకెలుండవు, గీతలే ఉంటాయి. పదిమంది, అంతకన్నా తక్కువ ఉంటే పిల్లల వివరాలు బయటపడకుండా ఫలితాలు చూపించరు. ఆ గీతల్లో మా వాడితో పాటు ఇంకో తెలుగబ్బాయి కూడా ఉన్నాడని ఆ రోజే తెలిసింది. వాళ్ల నాన్న, నేను ఒకే గుడికి వెళ్తాం. ఏడాదిన్నరగా ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు.