గేదెకు పెట్టిన ఆకు క్యాబేజీ

పర్లాకిమిడికి దగ్గరలో, మహేంద్రతనయ ఒడ్డున మాకున్న కొద్దిపాటి పొలంలో వరి కోసిన తరువాత గట్ల మీది పచ్చగడ్డి సంక్రాంతికి ముందే ఎండిపోతుంది. అక్కడి నుంచి తొలకరి దాకా మా రెండు గేదెలకూ గడ్డివామే దిక్కు. వరిగడ్డి కడుపు నింపుతుందే గాని పాలు పెంచదు. దానిలో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు పాళ్ళకు మించవు. పైగా అందులోని ఆక్సలేట్లు మేతలోని కాల్షియం పశువుకు అందకుండా చేస్తాయి. ఆ లోటును వేరుశెనగ చెక్కతోనూ తవుడుతోనూ పూడ్చుకోవడం మా ఇంటి ఆనవాయితీ కాగా, చెక్క ధర విన్న ప్రతిసారీ వేరే దారి లేదా అని ఆలోచించేవాడిని.

మా బావమరిది సైన్యంలో ఉన్నాడు. కాశ్మీరులో పనిచేసిన రోజుల్లో, అక్కడివారు అన్నంలోకి వండుకునే ‘హాఖ్’ అనే ఆకుకూర విత్తనం ఒక పొట్లం తెచ్చి ఇచ్చాడు. అది గడ్డ కట్టని క్యాబేజీ. మన సంతలో ఒడియావారు బంధాకోబి అని అమ్మే క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్, ఈ ఆకు రకం, అన్నీ బ్రాసికా ఒలరేసియా అనే ఒకే జాతికి చెందినవి. ఐరోపాలోనూ న్యూజిలాండులోనూ ఈ ఆకు రకాలను కేల్ అనే పేరుతో చలికాలపు మేత కోసమే సాగు చేస్తారు. మనం జెర్సీ ఆవు అంటామే, ఆ ఆవు పుట్టిన జెర్సీ దీవిలో మనిషిని మించి ఎదిగే క్యాబేజీ ఒకటి ఉండేది. ఆకులు పశువులకు వేసి, ఎండిన కాండాలను చేతికర్రలుగా చేసి అమ్ముకునేవారట. జెర్సీ ఆవు మన దాకా వచ్చింది గాని దాని మేత రాలేదన్నమాట.

బావి పక్కన పది సెంట్లు, ఒడిశా పట్టాలో రాసినట్లు చెప్పాలంటే పది డిసిమిళ్ళు, దీనికి కేటాయించాను. అక్టోబరు మొదటి వారంలో ఎత్తు మడి మీద నారు పోసి, నెల తిరిగాక రెండడుగుల సాళ్ళలో అడుగున్నర ఎడంతో నాటాను. సుమారు పదిహేను వందల మొక్కలు పట్టాయి. పశువుల పెంట దండిగా వేశాను. పురుగుమందు కొట్టిన ఆకును పాడి పశువుకు పెట్టకూడదు కాబట్టి చుట్టూ ఎర పంటగా ఆవాలు చల్లి, డైమండు రెక్కల పురుగుకు వేపగింజల కషాయంతోనే సరిపెట్టుకున్నాను. పేనుబంక మాత్రం జనవరి చివర విసిగించింది. ఆకు కోయడంలో ఒక పద్ధతి ఉంది: పైన ఐదారు ఆకులు వదిలి కింది ఆకులనే విరవాలి. అలా చేస్తే పది, పన్నెండు రోజులకు అదే మొక్క మళ్ళీ కోతకు వస్తుంది.

మొదటి రోజు గేదె ఆకును వాసన చూసి ముఖం తిప్పేసింది. కత్తిపీట మీద సన్నగా తరిగి, గడ్డిలో కలిపి, పైన పిడికెడు తవుడు చల్లితే గడ్డిని పక్కకు నెట్టి ఆకును ఏరుకుని తిన్నది. నాలుగో రోజుకు గంప చప్పుడు వింటే చాలు, పలుపు తెంపుకునేంత పని చేసేది. పది కిలోల పచ్చి ఆకులో నీరు పోగా మిగిలే పదార్థం కిలో మూడు వందల గ్రాములే అయినా, అందులోని మాంసకృత్తులు దాదాపు అర కిలో వేరుశెనగ చెక్కలో ఉన్నంత. కాల్షియం కూడా ఎక్కువే. మా లెక్కలు సరిగ్గా సాగి ఉంటే ఈ టపా ఇక్కడితో ముగిసేది.

సంక్రాంతికి రెండు వారాల ముందు అకాల వర్షానికి గడ్డివామి పైభాగం తడిసి బూజు పట్టింది. మంచి గడ్డిని పొదుపు చేద్దామని, కొత్తగా ఈనిన గేదెకు రోజుకు పది కిలోల ఆకు బదులు ముప్పై, ముప్పై అయిదు కిలోలు వేయసాగాము. కనుమ నాడు దానిని కడుగుతున్న మా అమ్మ కేక వేసింది. శాలలో నేల మీద కాఫీ రంగు మూత్రం. కనురెప్ప కింద ఎరుపు లేదు, తెల్లగా పాలిపోయి ఉంది. ఆరు లీటర్లు ఇచ్చేది ఆ సాయంత్రం రెండు లీటర్లకు దిగింది.

పండుగ పూట అయినా పశువైద్యుడు వచ్చారు. ముందు పిడుదు పురుగుల కోసం చెవుల వెనుక వెతికి, వాటి వల్ల సోకే బబేసియా జ్వరమేమోనని రక్తం తీసి చూసి, అది కాదని తేల్చుకున్నాక మేత సంగతి అడిగారు.

“ఆకు ఎంత వేస్తున్నారమ్మా?”

“కొలత లేదు బాబూ, గంపలతో పోసినాం,” అంది మా అమ్మ.

ఆయన చెప్పినది ఇది. క్యాబేజీ జాతి ఆకుల్లో ఎస్-మిథైల్ సిస్టీన్ సల్ఫాక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. నెమరు వేసే పశువు పొట్టలోని సూక్ష్మజీవులు దానిని డైమిథైల్ డైసల్ఫైడ్‌గా మారుస్తాయి, అది రక్తంలోని ఎర్రకణాలను చితికిపోయేలా చేస్తుంది. మొక్క ముదిరి పూతకు వచ్చే కొద్దీ ఆ పదార్థం పెరుగుతుంది. మా పల్లంలో చలి చాలక పూత రాలేదు గాని, మేము వేసిన మోతాదే చాలింది. పైగా ఈనిన కొత్తలో గేదెలకు భాస్వరం తగ్గితే కూడా ఇలాగే ఎర్ర మూత్రం వస్తుంది కాబట్టి ఆయన భాస్వరం సూది కూడా వేశారు. ఆకు పూర్తిగా మానిపించారు. మూత్రం రంగు నాలుగు రోజుల్లో తేటపడింది, పాలు మళ్ళీ దారికి రావడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. ఆ ఖర్చులో ఎన్ని కిలోల చెక్క వచ్చి ఉండేదో నేను లెక్క వేయలేదు. మా అమ్మ వేసింది, నాకు చెప్పింది కూడా.

తప్పు ఆకుది కాదు, నాది. మేతలోని ఎండు పదార్థంలో మూడో వంతుకు మించి ఈ ఆకు ఉండకూడదన్నది కేల్ మేపే దేశాల్లో పాడి పశువులకు తరచుగా ఇచ్చే సలహా. నాలుగు క్వింటాళ్ళ బరువుండే గేదె రోజుకు పది కిలోల ఎండు పదార్థం తింటుందనుకుంటే, పచ్చి ఆకు ఇరవై అయిదు కిలోలు దాని పైహద్దు. ఈనిన కొత్తలో అందులో సగం కూడా వద్దని నేను అంటాను. కొత్తగా మొదలు పెట్టేటప్పుడు రెండు కిలోలతో మొదలుపెట్టి వారం, పది రోజుల్లో పెంచాలి. ముందు గడ్డి, తరువాతనే ఆకు. మంచు తడితో కోసిన ఆకు కడుపు ఉబ్బరం తెస్తుంది కనుక ఎండ పొడ వచ్చాక కోసి కాసేపు నీడన వాడ్చాలి. ఈ ఆకులు థైరాయిడ్ గ్రంథి పనికి అడ్డుపడతాయి కాబట్టి అయోడిన్ ఉన్న ఖనిజ మిశ్రమం తప్పనిసరి. పాలు పితికిన తరువాతనే ఆకు వేయాలన్న సంగతి మేము పాలు పోసే వాడిక ఇళ్ళలో ఒకావిడ, టీలో క్యాబేజీ కూర వాసన వస్తోందని గిన్నె తిరిగి పంపాక తెలిసింది.

ఈ ఏడాది మళ్ళీ నారు పోశాను, ఈసారి అయిదు సెంట్లకే. సరిగ్గా ఎనిమిది కిలోల ఆకు పట్టే వెదురు బుట్ట ఒకటి మా అమ్మ సంతలో కొని శాల గుంజకు తగిలించింది. గేదెకు పూటకు ఒక బుట్ట, అదీ రోజుకు ఒక్క పూటే. ఇంకో గుప్పెడు వేయబోతే చెయ్యి పట్టుకుంటోంది.