27 గేజి

మా బేస్‌మెంట్‌లో పిన్‌బాల్ మిషను దిగిన రోజు, వీడియో కాల్‌లో చూసి మా అమ్మ అడిగిన మొదటి మాట: "దాని మీద ఆ పేకముక్కలేంటే?"

అడగదా మరి. దాని పేరే రాయల్ ఫ్లష్, అంటే పోకర్ పేకాటలో అన్నిటికన్నా పెద్ద చెయ్యి. గాట్‌లీబ్ కంపెనీ 1976లో చేసిన మిషను. వాలు బల్ల మీద బంతిని కిందకి జారిపోకుండా కొడుతూ స్కోరు పెంచుకునే ఆట. ఆడే బల్ల మీద పేకముక్కల బొమ్మలున్న టార్గెట్లు వరుసగా నిలబడి ఉంటాయి, బంతి తగిలినది టప్పున కిందకి పడిపోతుంది. తెనాలిలో మా నాన్న మధ్యాహ్నం భోంచేశాక స్నేహితులతో రూపాయి, రెండు రూపాయల రమ్మీ ఆడతారు. దాని మీద అమ్మకీ నాన్నకీ నలభై ఏళ్ళుగా నడుస్తున్న యుద్ధం ఉంది. ఇప్పుడు కూతురు అమెరికాలో ఏకంగా కాళ్ళున్న పేకాట తెచ్చి ఇంట్లో పెట్టుకుంది.

అమ్మది వట్టి చాదస్తం అనడానికి లేదు. ఇక్కడివాళ్ళూ ఒకప్పుడు దీన్ని జూదం కిందే కట్టారు. న్యూయార్క్‌లో 1942 నుంచి 1976 దాకా నిషేధం. మేయర్ లాగార్డియా స్వయంగా సుత్తి పట్టుకుని మిషన్లు పగలగొట్టాడు. చివరికి 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన నగర కౌన్సిల్ వాళ్ళ ముందు ఆడి చూపించాడు. ఈసారి బంతి మధ్య దారిలోంచి దిగుతుందని ముందే చెప్పి, బంతిని ఆటలోకి నెట్టే ప్లంజర్ లాగి వదిలి, అలాగే దింపాడు. ఇది అదృష్టం కాదు, చేతి నేర్పు అని తేలింది, నిషేధం ఎత్తేశారు. అన్నిటికన్నా విచిత్రం చికాగో సంగతి. దేశం మొత్తానికి ఈ మిషన్లు తయారయ్యేది చికాగో చుట్టుపక్కలే, ఆ నగరంలో మాత్రం 1970ల మధ్య దాకా ఆడనిచ్చేవాళ్ళు కాదు. మా మిషను పుట్టిన నార్త్‌లేక్ మా ఇంటికి ముప్పై మైళ్ళు కూడా ఉండదు.

ఇదంతా చెబితే అమ్మ శ్రద్ధగా విని, "ఆ షార్ప్ అబ్బాయి తర్వాతన్నా బుద్ధిగా ఏదైనా ఉద్యోగం చేసుకున్నాడా?" అంది.

నేను దాన్ని కొన్నది ఆడటానికి కాదు. మా ఆయన కొలీగ్ ఒకాయన గరాజ్ ఖాళీ చేస్తుంటే కుర్చీలు చూద్దామని వెళ్ళాం. మూలన దుప్పటి కింద ఉందిది. పనిచెయ్యదు, తీసుకుపోతే చాలు అన్నట్టుగా ఉన్నాడాయన. బల్ల పైకెత్తి లోపల చూపించాడు. చిప్పు లేదు, బోర్డు లేదు. అన్నీ కాయిళ్ళు, రిలేలు, రాగిరేకుల స్విచ్చులు, గుడ్డ తొడుగున్న తీగలు. స్కోరు లెక్కపెట్టేది కూడా అంకెలు రాసిన చక్రాలే. ఆ పెట్టెలోంచి పాత వార్నిష్, కాలిన రాగి వాసన వచ్చింది. మా నాన్న షాపు వాసన అది. కుర్చీల సంగతి అక్కడితో మర్చిపోయాం.

నాన్నది మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు. స్కూలు నుంచి వచ్చి నేను షాపులో స్టూలు మీద కూర్చుని చుట్లు లెక్కపెట్టేదాన్ని. ఆయన చేతిమిషను తిప్పుతుంటే నేను వందకోసారి పలక మీద గీత పెట్టాలి. అంతకు మించి పని నాకు నేర్పలేదు. ఆడపిల్లకి చేతుల నిండా నల్లమరకలెందుకని కాబోలు. నేర్పలేదని నాకు కొంచెం కోపం ఇప్పటికీ ఉంది.

ఇక మా పిల్లల తెలుగు. మావాడికి పన్నెండు, చిన్నదానికి తొమ్మిది. వాడు రెండేళ్ళు ఆదివారం తెలుగు బడికి వెళ్ళి మానేశాడు. బడి మంచిదే, టీచరూ మంచావిడే. అక్షరాలన్నీ వచ్చాయి కూడా. చిక్కల్లా ఇంట్లో ఆ తెలుగుతో వాడికి పడే పని లేకపోవడం. షూస్ విప్పు, పెరుగు కలుపుకో, ఐప్యాడ్ లోపల పెట్టు. నా వైపు నుంచి వెళ్ళేవన్నీ ఆర్డర్లే. వాడి వైపు నుంచి వచ్చేది "ఓకే".

మిషను ఇంటికి చేర్చడమే ఒక ప్రయాణం. రెండు వందల యాభై పౌండ్ల పైమాటే. కాళ్ళు విప్పి, వెనక నిలబడే తలపెట్టె ఊడదీసి, ముగ్గురు మగవాళ్ళు బేస్‌మెంట్ మెట్లు దింపారు. లోపల ఎలుక గూడు, ఆ గూటిలో పాతిక సెంట్ల నాణేలు నాలుగు, ఒక కందిరీగ. మొదటి రెండు వారాలు శుభ్రం చేయడంతోనే సరిపోయింది. ఆ సోది చెప్పను.

స్కోరు చక్రాలు ఒక్కటీ తిరగట్లేదు. నేను గ్రీజు వేద్దామనుకున్నాను. ఫోన్‌లో నాన్న వద్దన్నారు. "ఉన్న గ్రీజే ఎండి బంకయింది అమ్మాయ్. మళ్ళీ వేస్తే ఇంకో పదేళ్ళకి మళ్ళీ బంకే. కడిగి పొడిగా వదిలెయ్." అలాగే కడిగాం. తిరిగాయి. ఆ రోజు మావాడు ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, "తాతయ్యా, నెక్స్ట్ ఏంటి?" అన్నాడు. పండగలకి ఫోన్ ఇచ్చి "తాతయ్యతో మాట్లాడు" అని బతిమాలితే "హాయ్, బై" తప్ప అననివాడు.

తర్వాతది ఫ్లిప్పర్లు. కింద రెండు వైపులా బంతిని కొట్టే తెడ్లు ఉంటాయే, అవి. ఎడమది ఎత్తగానే కాయిల్ వేడెక్కి పొగలొచ్చేస్తోంది. మావాడు కెమెరా దగ్గరగా పెట్టి చూపించాడు. ఒకే కాయిల్, దాని మీద రెండు వైండింగులు. పక్కన ఒక స్విచ్చి, తెడ్డు పూర్తిగా లేవగానే విడిపోవాల్సిన స్విచ్చి. నాన్న జన్మలో పిన్‌బాల్ చూసి ఎరగరు. అర నిమిషం చూసి, "ఇది మన నీళ్ళ మోటారేరా" అన్నారు.

వాడికి అర్థం కాలేదు. నాన్న షాపులో విప్పి ఉన్న మోటారు ఒకటి తెప్పించుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇది స్టార్టింగ్ వైండింగ్. ఇది రన్నింగ్ వైండింగ్. మోటారు కదలాలంటే గట్టి తోపు కావాలి. కదిలి ఊపందుకున్నాక ఆ తోపు అక్కర్లేదు. అప్పుడు ఈ స్విచ్చి విడిపోయి స్టార్టింగ్‌ని తప్పించేస్తుంది. విడిపోలేదనుకో?"

"కాలిపోద్ది," అన్నాడు మావాడు. అచ్చం తెనాలి యాసలో.

ఫ్లిప్పర్ కూడా అంతే. లేపడానికి ఒక బలమైన వైండింగు. లేచాక, బటన్ నొక్కి ఉంచినంతసేపు పట్టి నిలపడానికి సన్నటి వైండింగు. ఆ స్విచ్చి విడిపోతేనే సన్నది పనిలోకి వచ్చి కరెంటు తగ్గుతుంది. మా మిషన్లో స్విచ్చి రేకు వంగిపోయి విడిపోవట్లేదు. పట్టకారుతో సరిచేసేసరికి పది నిమిషాలు పట్టింది. మెట్ల మీద కూర్చుని చూస్తున్న మా ఆయన, తొయ్యడం, పట్టుకోవడం, సరైన టైముకి వదలడం, ఇందులో పిల్లల పెంపకం గురించి ఏదో ఉంది కదా అన్నాడు. కాయిల్ కాయిలేనని చెప్పి టీ పెట్టమని పైకి పంపాను.

అసలు కథ ఇంకో కాయిల్‌ది. కిందకి జారిపోయిన బంతిని మళ్ళీ ప్లంజర్ దారిలోకి తన్నేది. పూర్తిగా మాడిపోయింది. కొత్తది కొనుక్కోవచ్చు, పెద్ద ఖరీదేం కాదు. కానీ తాత, మనవడు ఒక్కటైపోయి చుడదామన్నారు.

పాతది విప్పుతూ లెక్కపెట్టాలి. నాన్న షరతు ఒకటే: లెక్క తెలుగులో, పైకి వినపడేలా. వాడికి ఇరవై దాకా వచ్చు. ఆ పైన ఎలాగోలా లాక్కొచ్చాడు. "డెబ్భై ఎనిమిది, డెబ్భై తొమ్మిది, డెబ్భై పది..." అటువైపు నాన్న, షాపులో కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. వాడు బిక్కమొహం వేశాడు. తప్పేముంది, ఆలోచిస్తే డెబ్భై పదే కదా. చిన్నది పక్కన కూర్చుని వందకోసారి కాగితం మీద గీత పెట్టింది. ఆ గీతలు చూస్తుంటే నాకు పలక గుర్తొచ్చింది కానీ ఆ టైములో ఏమీ అనలేదు, లెక్క తప్పుతుందని. పదకొండు వందల నలభై ఆరు చుట్లు. మూడు రాత్రులు.

చివర ఎనామిల్ గీకి తీగ మందం కొలిచాం. 0.41 మిల్లీమీటర్లు. "27 గేజి," అన్నారు నాన్న, పుస్తకం చూడకుండా. 27 గేజి తీగ తెప్పించి, డ్రిల్లు బిట్టుకి బాబిన్ బిగించి, మెల్లగా తిప్పుతూ అన్నే చుట్లు చుట్టాం. ఈసారి ఎనభై దగ్గర వాడు ఆగలేదు. బిగించి, స్విచ్ వేశాం. కాయిల్ బంతిని తన్నలేదు, తోసింది. బంతి సగం దాకా ఎక్కి, సిగ్గుపడ్డట్టు వెనక్కి దొర్లింది.

రెండు రోజులు వెతికాం. స్ప్రింగ్ చూశాం, కాయిల్ లోపల కదిలే కడ్డీ తుడిచాం, స్విచ్చులన్నీ గీకాం. నాన్న తను చెప్పింది తప్పై ఉండదన్నారు. నేను మీ చుట్లే తప్పన్నాను. మావాడు ఎవరి మాటా వినకుండా కొత్త తీగ ముక్క గీకి కొలిచాడు. 0.36.

మనవాళ్ళు వాడే గేజి ఇంగ్లండు లెక్క. అమెరికా గేజి వేరు. తెనాలిలో 27 గేజి అంటే దాదాపు 0.42 మిల్లీమీటర్లు. ఇక్కడ 27 అంటే 0.36. మాకు కావాల్సింది ఇక్కడి 26. తీగ సన్నబడటంతో రెసిస్టెన్స్ పాతిక శాతం పెరిగింది, అందుకే ఆ నీరసం. యాభై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని గేజి చెప్పే మనిషి, మనవడు ఇంటర్నెట్‌లో పట్టిక చూపిస్తే కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశారు. "అదేంట్రా, నెంబరు ఒకటే పెట్టుకుని తీగ మార్చేశారు?" అన్నారు. ఆయనకి అమెరికా మీద ఉన్న ఫిర్యాదు ఇప్పటికీ అదొక్కటే.

మళ్ళీ చుట్టాం. మళ్ళీ పదకొండు వందల నలభై ఆరు. ఈసారి చిన్నది కూడా గొంతు కలిపింది.

దాని తెలుగు గురించి కూడా చెప్పాలి. మేం కాయిళ్ళతో కుస్తీ పడుతుంటే అది బల్ల తుడవడం, కొత్త రబ్బరు రింగులు ఎక్కించడం, టార్గెట్ల మీద బొమ్మలకి పాలిష్ పెట్టడం చేసేది. కాలక్షేపానికి వాళ్ళ తాతయ్య పేకముక్కల పేర్లు నేర్పారు. అరోరా బాలాజీ గుళ్ళో ఒక పెద్దావిడ ముద్దుగా "నీకు తెలుగు వచ్చా తల్లీ, ఏదీ నాలుగు మాటలు చెప్పు" అంది. అది చేతులు కట్టుకుని, పద్యం చెప్పినట్టు, "ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమండు" అంది. ఆవిడ నా వైపు చూసింది. నేను ధ్వజస్తంభం వైపు చూశాను.

మిషను పూర్తిగా నడిచింది ఏప్రిల్‌లో, ఒక మంగళవారం రాత్రి. మాకు పదిన్నర, నాన్నకి బుధవారం పొద్దున తొమ్మిది, అప్పుడే షాపు తీశారు. మావాడు ఫోన్‌ని అద్దానికి ఆనించి ఆట మొదలుపెట్టాడు. గంటలు మోగుతున్నాయి, చక్రాలు తిరుగుతున్నాయి, రాణి పడింది, ఆసు పడింది. ఉన్నట్టుండి లోపల ధన్‌మని చెక్క మీద సుత్తి దెబ్బ లాంటి చప్పుడు.

"ఏంట్రా పేలింది?" అని నాన్న కంగారుపడ్డారు.

"పేల్లేదు తాతయ్యా! నాకర్. ఒక ఆట ఫ్రీగా ఇచ్చింది."

"స్కోరెంత?"

వాడు చక్రాల వైపు చూశాడు. ఫ్రీ ఆట రావాల్సిన స్కోరుకి ఇంకా సగం కూడా కాలేదు.

"ఊరికే ఎవరిస్తార్రా," అన్నారు నాన్న. "ఎక్కడో షార్టుంది. ప్లగ్గు పీకి చూడు."

మర్నాడు స్కూలుందని నేను అనేలోపే వాడు టార్చి పట్టుకుని బల్ల ఎత్తేశాడు.