వెడల్పు ఎవరూ అడగరు: ఎమర్జెన్సీ డ్యూటీకి బూట్లు కొనేవాళ్ళకి

మొన్న సెలవుకి వచ్చి కావలిలో అక్కావాళ్ళింటికి వెళ్తే మా మేనల్లుడు కొత్త బూట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. ఖతార్ వెళ్తున్నాడు వాడు, రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్ల వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర అంబులెన్స్ అటెండెంటు ఉద్యోగం. ట్రంకు రోడ్డులో 1200కి తీసుకున్నాడట. నల్లగా నిగనిగలాడుతూ పోలీసు బూట్లలాగా ఉన్నాయి, చూడ్డానికి బాగానే ఉన్నాయి. "ఎట్టుండాయి మామా?" అన్నాడు.

నేను బూటు లోపల ఉండే మెత్తటి అట్ట, అదే ఇన్‌సోల్, బయటికి లాగి నేలమీద పెట్టి దానిమీద నిలబడమన్నాను. చిటికెన వేలు పూర్తిగా అట్ట బయట ఉంది. బొటనవేలు పక్కన ఉబ్బెత్తుగా ఉండే ఎముక కూడా బయటికే వచ్చింది. పొడవు సరిపోయింది, వెడల్పు చాల్లేదు. చిన్నప్పుడంతా ఉత్త కాళ్ళతోనో హవాయి చెప్పులతోనో తిరిగినవాళ్ళకి పాదం ముందుభాగం విచ్చుకుని ఉంటుంది, అది లోపం కాదు, పాదం అలాగే ఉండాలి. షాపులో మాత్రం ఎనిమిదా తొమ్మిదా అని నంబరు ఒక్కటే అడుగుతారు. వెడల్పు ఎవరూ అడగరు, మనమూ చెప్పం.

"వాడితే సాగుతాయి లేరా" అంది అక్క. తోలు కొంచెం సాగుతుంది, నిజమే. కానీ ముందుభాగంలో గట్టి డొప్ప ఉన్న బూటు అక్కడ ఒక్క మిల్లీమీటరు కూడా సాగదు. చెప్పు కరిస్తే తీసి చేత్తో పట్టుకుని నడవచ్చు, డ్యూటీలో బూటు కరిస్తే పన్నెండు గంటలూ దాంతోనే ఉండాలి. ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే, నా కాళ్ళు పడ్డ పాట్లు వాడి కాళ్ళు పడకూడదని.

కువైట్ వెళ్ళకముందు నాలుగేళ్ళు 108లో చేశాను, కనిగిరి, పామూరు వైపు. 108 మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది, నేను చేరేసరికి పల్లెల్లో ముసలివాళ్ళకి కూడా ఆ నంబరు నోటికి వచ్చేసింది. కాళ్ళకి ఏం వేసుకోవాలో మాత్రం నాకెవరూ చెప్పలేదు, బడిపిల్లలు వేసుకునేలాంటి మామూలు నల్ల బూట్లే వేసుకునేవాణ్ణి. ఒక రాత్రి పామూరు దారిలో ట్రాక్టరు బోల్తాపడి, మనిషి రోడ్డు దిగువన సర్కారు కంపలో పడిపోయాడు. స్ట్రెచర్ పట్టుకుని దిగుతుంటే ముల్లు సోల్‌లోంచి అరికాల్లోకి నేరుగా దిగింది. స్ట్రెచర్ మీద మనిషి ఉన్నాడు, వదలలేను. అతన్ని బండెక్కించి ఆస్పత్రిలో అప్పజెప్పాకే బూటు విప్పాను, అప్పటికి సాక్సు తడిసి ముద్దయిపోయింది. ముల్లు సగం లోపలే విరిగిపోయి మూడో రోజుకి చీము పట్టింది, కోసి తీశారు. అడుగున ముల్లూ మేకూ దిగకుండా ఒక పొర వేసి కుట్టే బూట్లు ఉంటాయని అప్పటికి నాకు తెలియనే తెలియదు.

తర్వాత కువైట్. అహ్మదీ వైపు చమురు బావుల దగ్గర ఒక కాంట్రాక్టరు సైటులో అంబులెన్స్ డ్యూటీ. కంపెనీ బూట్లు ఇచ్చింది, కానీ స్టోర్‌లో మిగిలినవి 44 నంబరు, నా కాలు 42. రెండు సాక్సులు వేసుకోమన్నారు. వేసుకున్నాను. అక్కడి ఎండ సంగతి విన్నవాళ్ళకి వేరు, పడ్డవాళ్ళకి వేరు. 2016 జూలైలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ ఒకటి నుంచి ఆగస్టు ఆఖరు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి రూలు. కానీ వడదెబ్బ తగిలి పడిపోయిన మనిషి దగ్గరికి పరిగెత్తాల్సిన మాకు ఆ గంటల లెక్క ఎక్కడుంటుంది? వదులు బూటులో మడమ ప్రతి అడుక్కీ లేచి పడుతుంది, రెండు సాక్సులూ చెమటకి తడిసి ఒకదాన్నొకటి రాసుకుంటాయి. వారానికల్లా రెండు మడమలూ ఒరుసుకుపోయి బొబ్బలు పగిలాయి. బిగుతు బూటు ఎంత చెడ్డదో వదులు బూటూ అంతే చెడ్డది.

అప్పుడు నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. శుక్రవారం సంతకి వెళ్ళి నాలుగు దినార్లకి ఒక జత కొన్నాను. ఇంటికి డబ్బు పంపే రోజుల్లో నాలుగు దినార్లు కూడా ఎక్కువే అనిపించింది. రెండు నెలలు బాగానే నడిచాయి. ఒక రాత్రి లేబర్ క్యాంపులో మూడో అంతస్తు నుంచి గుండెనొప్పి వచ్చిన మనిషిని మెట్ల కుర్చీలో కూర్చోబెట్టి దించుతున్నాం. లిఫ్టు లేదు. మనిషి మన దర్శి వైపాయనే, దారిపొడుగునా "తమ్ముడా, పడెయ్యవు గదా, తమ్ముడా" అంటూనే ఉన్నాడు. నేను ముందు, వెనక్కి వెనక్కి దిగుతున్నాను. రెండో అంతస్తు మలుపు దగ్గర కుడి బూటు సోల్ ముందువైపు ఊడి నోరు తెరిచింది. పగలంతా ఎండకి కాగీ కాగీ జిగురు వదిలేసినట్టుంది, ఆ తెరుచుకున్న చోట మెట్టు అంచు దూరి కాలు మడతపడింది. మోకాలు మెట్టుకి కొట్టుకుంది, కుర్చీ బరువంతా నా ఛాతీ మీద ఆగింది. పైన పట్టుకున్న కేరళ అబ్బాయి గట్టివాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ముగ్గురం కలిసి కిందికి పోయేవాళ్ళం. ఆయన బతికాడు, తర్వాత స్టెంటు వేశారు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ మెట్టు కలలోకి వస్తుంది.

ఆ నెల జీతం రాగానే 32 దినార్లు పెట్టి బూట్లు కొన్నాను. ఇంటికి ఫోన్ చేసి ఈసారి డబ్బు తక్కువ పంపుతున్నానని చెప్తే నాన్న ఎందుకని కూడా అడగలేదు. ఆ జత మూడేళ్ళు వచ్చింది.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. లేబుల్ చదవడం రాకపోతే షాపువాడు ఏది చెప్తే అదే నమ్మాలి, అందుకే మావాణ్ణి కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. బూటు నాలిక మీద ఐఎస్‌ఓ 20345 అని ఉంటే అది సేఫ్టీ బూటు, అంటే ముందు డొప్ప 200 జౌల్స్ దెబ్బని తట్టుకోవాలి, సుమారుగా ఇరవై కేజీల దిమ్మ మీటరు ఎత్తు నుంచి పడినంత. ఆక్సిజన్ సిలిండరు కాలిమీద పడ్డవాడికి ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. 20347 అని ఉంటే డొప్ప ఉండదు, ఆస్పత్రుల్లో చేసేవాళ్ళకి అది చాలు, ప్లాంటులో చేసేవాడికి చాలదు. మన దేశంలో తయారైన వాటి మీద ఐఎస్ 15298 అని ఐఎస్‌ఐ గుర్తు ఉంటుంది. ఆ పక్కన ఎస్1, ఎస్1పీ, ఎస్3 లాంటివి రాసి ఉంటాయి. ఉత్త ఎస్1కి అడుగున మేకు ఆపే పొర ఉండదు, నీళ్ళూ ఆగవు. ఎస్1పీలో పొర ఉంటుంది, నీళ్ళు మాత్రం ఆగవు. ఎస్3లో పొరా ఉంటుంది, పైతోలు నీళ్ళని కొంతసేపు ఆపుతుంది, సోల్‌కి గాడులూ ఉంటాయి. నా మాటగా అయితే అంబులెన్సులో వెళ్ళేవాళ్ళు ఎస్3కి తగ్గకూడదు. రోడ్డు మీద గాజుపెంకులు, సైటులో మేకులు, మన ఊళ్ళో కంపముళ్ళు, ఎక్కడైనా అడుగు చూసుకుని వేసే తీరిక మనకి ఉండదు.

ఆ పొర స్టీలుదైనా ఉంటుంది, గట్టి నేతబట్టదైనా ఉంటుంది. స్టీలు సన్న మేకుని కూడా బాగా ఆపుతుంది కానీ వంగదు, పాదం అంచుల దాకా రాదు. బట్టది అంచు దాకా వస్తుంది, వంగుతుంది, తేలిక, అయితే మరీ సన్నటి మేకు దాన్ని దాటే అవకాశం ఎక్కువ. డొప్ప కూడా స్టీలు కాకుండా కాంపోజిట్‌ది, అంటే లోహం లేకుండా గట్టి ప్లాస్టిక్ లాంటి దాంతో చేసింది, దొరుకుతుంది, బరువు తగ్గుతుంది. నా పాత జత కిరాణా షాపు కాటా మీద పెడితే ఒక్కో బూటు దాదాపు ముప్పావు కేజీ తూగింది. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎన్ని వేలసార్లు ఆ బరువు ఎత్తి వేస్తామో లెక్కేసుకోండి, వంద గ్రాములు తగ్గినా పిక్కలకి తెలుస్తుంది.

జారడం గురించి కూడా చూడాలి. జారకుండా పట్టు ఉన్నవైతే పాత జతల మీద ఎస్‌ఆర్‌సీ అని, కొత్త స్టాండర్డు వాటి మీద ఎస్‌ఆర్ అని ఉంటుంది. ఎఫ్‌ఓ అని ఉంటే ఆయిల్‌కి సోల్ పాడవదు. హెచ్‌ఆర్‌ఓ అంటే 300 డిగ్రీల వేడి నిమిషంపాటు తగిలినా తట్టుకునే సోల్, ఫైర్ వాళ్ళ వెంట వెళ్ళేవాళ్ళకి అది కావాలి. నీళ్ళు అసలు రాకుండా లోపల పొర వేసిన వాటర్‌ప్రూఫ్ బూట్లు గల్ఫ్ ఎండకి నేను వద్దంటాను, నీళ్ళు రావు సరే, మన చెమట కూడా సరిగ్గా పోదు, సాయంత్రానికి వేళ్ళ మధ్య చర్మం నానిపోయి తెల్లగా అయిపోతుంది.

ఇవన్నీ చెప్తుండగా మా మేనకోడలు వచ్చింది. అది తడ వైపు ఒక బూట్ల కంపెనీలో నాలుగేళ్ళుగా చేస్తోంది, ఆదివారం రైలెక్కి ఇంటికొస్తుంది. తమ్ముడి బూటు చేతిలోకి తీసుకుని రెండు చేతులతో ముందుభాగం వంచింది. బూటు వేళ్ళు మడిచే చోట కాకుండా నడిమధ్యలో మడతపడింది. "కాలు మధ్యలో మడుస్తామా మామయ్యా?" అంది. తర్వాత సోల్ చుట్టూ ఉన్న కుట్టు గీత మీద గోరు పెట్టి గీరింది. అది దారం కాదు, కుట్టులా కనిపించేటట్టు రబ్బరులో పోసిన అచ్చు. లోపల ఉన్నది ఉత్త జిగురు. నేను ఇన్నేళ్ళు బూట్లు వాడాను కానీ అలా గోరు పెట్టి చూడాలని నాకు ఎప్పుడూ తట్టలేదు. సోల్‌ని నేరుగా బూటుకి పోసి అతికించినవి, కుట్టి వేసినవి ఎండకి నిలబడతాయని, కుట్టినదైతే అరిగాక సోల్ మార్పించుకోవచ్చని అదే చెప్పింది.

పీయూ సోల్, అదే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ నురగతో చేసే సోల్, దాని గురించి నేను మేనకోడలికి చెప్పాను. మెత్తగా తేలిగ్గా ఉంటుంది, నిలబడే డ్యూటీకి హాయి, కానీ గాలిలో తేమకి ఏళ్ళ తరబడి లోపల్లోపల చెడిపోతుంది, వాడకుండా దాచినా సరే. ఒక సెలవులో నేను ఒక జత డబ్బాలో పెట్టి ఇంట్లో అటకమీద దాచి వెళ్ళాను. ఐదేళ్ళ తర్వాత తీసి వేసుకుని కుళాయి దాకా నడిచానో లేదో మడమ కింద సోల్ తడిసిన రస్కులాగా ముక్కలుగా రాలిపోయింది. పైన తోలు మాత్రం కొత్తదానిలాగే ఉంది. అందుకే రేపటికి ఉంటాయని రెండు మూడు జతలు కొని దాచొద్దు, కొన్నవాటిని వాడాలి.

మర్నాడు ఆ బూట్లు వాపసిచ్చేసి నెల్లూరు వెళ్ళాం. ఫ్యాక్టరీలకి హెల్మెట్లు, గ్లౌజులు అమ్మే షాపు ఒకటుంది. కావాలనే సాయంత్రం వెళ్ళాం, పొద్దంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి, డ్యూటీ చివర ఉండే కాలు అదే కాబట్టి దానికి సరిపోవాలి. డ్యూటీకి వేసుకునే మందపాటి సాక్సులు వెంట తీసుకెళ్ళాం. నూలువి చెమట పట్టి అలాగే ఉంచేస్తాయి, ఉన్ని కలిసినవో సింథటిక్‌వో త్వరగా ఆరతాయి. మన షాపుల్లో ఎనిమిది అంటే యూకే నంబరు, అమెరికా బూటు మీద అదే తొమ్మిది, యూరప్ లెక్కలో సుమారు 42, ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. నంబరు పక్కన వైడ్ అనో డబుల్ ఈ అనో ఉంటే వెడల్పువి.

మావాడు నాలుగో జతకి ఆగాడు. రెండు కాళ్ళకీ వేయించాను, చాలామందికి ఒక పాదం కాస్త పెద్దదిగా ఉంటుంది, పెద్దదానికే కొనాలి. షాపు మెట్లు పదిసార్లు ఎక్కి దిగమన్నాను. దిగేటప్పుడు వేళ్ళు ముందు తగలకూడదు, ఎక్కేటప్పుడు మడమ లేవకూడదు. షాపాయన విసుక్కోలేదు, స్టూలు కూడా వేశాడు. 3800 అయింది. అక్క ఆ బిల్లు చూసి కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, ఆ డబ్బు నేనే ఇచ్చాను.

వెళ్ళేలోపు రోజూ రెండు గంటలు, తర్వాత నాలుగు గంటలు వేసుకుని కావలి వీధుల్లో తిరగమన్నాను. కొత్త బూట్లతో మొదటి డ్యూటీ ఎక్కితే ఆ రోజు రోగి మీద ఉండాల్సిన ధ్యాసంతా మడమ మీదే ఉంటుంది. తడిస్తే లోపల న్యూస్‌పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది. వీలైతే అక్కడ ఇంకో జత కొనుక్కుని రోజు మార్చి రోజు వేసుకోవాలి, బూటులో చెమట ఒక్క రాత్రికి ఆరదు. రక్తం పడితే చన్నీళ్ళతోనే, వేడినీళ్ళు పోస్తే మరక అక్కడే పట్టేస్తుంది. బ్లీచింగు నీళ్ళు తోలుకి తగలనివ్వద్దని కూడా చెప్పాను. పక్కన జిప్పు ఉన్నవి కావాలని అడిగాడు, అర్ధరాత్రి కాల్ వస్తే లేసులు కట్టుకునే టైము ఉండదని వాడి టెన్షన్. న్యాయమే, కానీ జిప్పులో ఇసుక దూరితే ఎడారిలో అది ఎన్నాళ్ళో రాదు. లేసులే తీసుకున్నాం.

విమానానికి ఆ బూట్లే వేసుకుని వెళ్ళాడు, సామానులో పెడితే కేజీన్నర బరువు పోతుందని. మూడో రోజు ఫోన్ చేశాడు. కుడికాలు బాగుంది, ఎడమ మడమ కొంచెం లేస్తోంది అన్నాడు. పైనున్న రెండు రంధ్రాలు చూడమన్నాను. లేసు చివర అవతలి వైపుకి కాకుండా అదే వైపు పై రంధ్రంలోకి దూర్చి చిన్న గాజులాగా వదలాలి, రెండు వైపులా అలాగే చేసి, ఈ వైపు లేసుని ఆ గాజులోంచి, ఆ వైపుదాన్ని ఈ గాజులోంచి తీసి, మడమని వెనక్కి తన్ని పెట్టి కిందికి లాగి ముడెయ్యాలి. ఫోన్ పక్కన పెట్టి కట్టుకున్నాడు. కాసేపటికి గచ్చు మీద అడుగుల చప్పుడు వినిపించింది, అటు వెళ్ళి ఇటు వచ్చింది.

"లెయ్యడంలేదు మామా" అన్నాడు.