నశ్యం గుంటలో నొప్పి

కుడిచెయ్యి చాచి బొటనవేలిని బాగా పైకి లేపి చూడండి. వేలి మొదట్లో, మణికట్టు పక్కన, రెండు కండరాల కొసలు తాళ్లలా పైకి తేలి వాటి మధ్య చిన్న గుంట పడుతుంది. మా తాతయ్య ఆ గుంటలో చిటికెడు నశ్యం పోసుకుని పీల్చేవాడు. డాక్టర్లు కూడా దాన్ని నశ్యం డబ్బా అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారని నాకు తరవాత తెలిసింది. పోయిన వేసవి నుంచి వరదల దాకా, దాదాపు నాలుగు నెలలు, నా నొప్పంతా ఆ గుంటలోనే ఉంది. అక్కడ వేలు పెట్టి నొక్కి చూసినవాళ్లు లేరు.

మాది ఆత్రేయపురం పక్క ఊరు. అమ్మ పూతరేకులు చేస్తుంది. వాటిని అట్టపెట్టెల్లో సర్ది రావులపాలెం, రాజమండ్రి షాపులకు వేసి రావడం నా పని. ఆ డబ్బులతోనే సెకండ్ హ్యాండ్‌లో యమహా ఆర్15 బైకు కొన్నాను. వెర్షన్ 2, 149 సీసీ, బ్రేకు గట్టిగా పట్టినా చక్రం జామ్ కాకుండా చూసే ఏబీఎస్ లేనిది. ముందుకు వంగి కూర్చునే బండి. మామూలుగా నడిపినా మనిషి బరువులో కొంత మణికట్ల మీద పడుతుంది.

మా ఊరి బయట ప్లాట్లు వేసి వదిలేసిన వెంచర్ ఒకటుంది. సిమెంటు రోడ్లున్నాయి, ఇళ్లు లేవు. కాకినాడలో మెకానిక్‌గా చేసే అన్న ఒకడు ఆదివారాలు వచ్చి నాకు వీలీ, అంటే ముందు చక్రం గాల్లోకి లేపి నడపడం, నేర్పాడు. బండి లేపడం కంటే ముందు దించడం నేర్పాడు. కుడి పాదం ఎప్పుడూ వెనక బ్రేకు మీద ఉండాలి. ముందు చక్రం మరీ పైకి లేచి బండి వెనక్కి పడబోతుంటే ఆ బ్రేకు కొంచెం తాకిస్తే చాలు, ముందుభాగం కిందికి వస్తుంది. కాలు అలవాటు పడేదాకా క్లచ్ వదలనివ్వలేదు. తరవాత ఫస్ట్ గేర్‌లో నెమ్మదిగా పోతూ, క్లచ్ నొక్కి, యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ వదలడం. మొదట చక్రం జానెడు లేచేది. సంక్రాంతి నాటికి నాలుగు కరెంటు స్తంభాల దూరం ఒక్క చక్రం మీద పోగలిగాను. ఆ నాలుగు స్తంభాల మధ్య నాకు కలిగిన సంతోషం నిజమైనది. ఇంత జరిగాక కూడా దాన్ని కాదనలేను.

స్టాపీ, అంటే ముందు బ్రేకు పట్టి వెనక చక్రం లేపడం, వేరు. వీలీలో బండి మనల్ని వెనక్కి లాగుతుంది, స్టాపీలో ముందుకి తోసేస్తుంది. 40 వేగంలో వస్తూ క్లచ్ నొక్కి, మోకాళ్లతో ట్యాంకు బిగించి, రెండు వేళ్లతో ముందు బ్రేకు పట్టాలి. ఒక్కసారిగా పట్టకూడదు. మొదట కొంచెం పడితే ముందు ఫోర్కులు, అంటే ముందు చక్రం షాక్ అబ్జార్బర్లు, కుంగుతాయి, బండి బరువు ముందు టైరు మీదికి వస్తుంది, టైరు రోడ్డుని పట్టుకుంటుంది. అప్పుడే బ్రేకు పెంచాలి. బరువు రాకముందే గట్టిగా పడితే చక్రం జామ్ అయి జారిపోతుంది. అన్న దాన్ని నిమ్మకాయ పిండడంతో పోల్చేవాడు, రసం రావాలి గాని గింజ నలగకూడదు అని. వెనక చక్రం లేచినంతసేపూ మనిషి బరువు రెండు అరచేతుల మీద ఉంటుంది. నేను అడుగున్నర ఎత్తు దాకా లేపగలిగేవాణ్ణి.

ఏప్రిల్ ఆఖరున పడ్డాను. దాళ్వా కోతలు అయిపోయి, కాలువలు కట్టేసిన రోజులు. మా వైపు ఆ రోజుల్లో ధాన్యం రోడ్ల మీదే ఆరబోస్తారు. ముందురోజు సాయంత్రం వెంచర్‌లో బస్తాలకెత్తుకుని వెళ్లారు. సిమెంటు మీద గింజలు మిగిలాయి. పొద్దున్నే వెళ్లి చూశాను, ఆ కాసిని గింజలకి ఏమవుతుందిలే అనుకున్నాను. టైరు కింద వడ్లగింజలు గోళీల్లా దొర్లాయి. ముందు చక్రం పక్కకి పోయింది. తలకి హెల్మెట్ ఉంది, మోకాళ్లకి ప్యాడ్లున్నాయి. నేల మీద ముందు ఆనింది మాత్రం కుడి అరచెయ్యి. ధాన్యం ఆరబోసుకున్నవాళ్లని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. ఏడాదిలో ఆ పది రోజులు ఆ రోడ్డు వాళ్లకి కళ్లం. నేను చీపురు తీసుకెళ్లి ఊడ్చుకోవలసింది.

ఆ రోజే దగ్గర్లోని టౌనులో ఎక్స్‌రే తీశారు. ఎముక బాగానే ఉంది, బెణుకు అన్నారు. క్రేపు బ్యాండేజీ చుట్టి మాత్రలిచ్చారు. పది రోజుల్లో వాపు పోయింది. ఆ నశ్యం గుంట అడుగున ఉండే చిన్న ఎముక విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చట. అనుమానం ఉంటే కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తరవాత మళ్లీ తీయాలి, లేదా ఎంఆర్ఐ చేయించాలి. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. మళ్లీ వెళ్లి అడగాలని నాకూ తోచలేదు. బెణుకన్నారు కాబట్టి బెణుకే అని నమ్మాను.

అమ్మ రోజూ రాత్రి వావిలాకు నీళ్లతో కాపడం పెట్టేది. హాయిగానే ఉండేది. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలారు, ఊడ్పులు మొదలయ్యాయి, నా చెయ్యి మాత్రం అలాగే ఉంది. విచిత్రం ఏంటంటే పెట్టెలు మోస్తే నొప్పి లేదు. అరచెయ్యి నేలకి ఆనించి పైకి లేవబోతే ప్రాణం పోయేది. నీళ్ల సీసా మూత తిప్పలేకపోయేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ల వాణ్ణి, మూత తీసిపెట్టమని అమ్మని అడగడానికి సిగ్గేసి దాహంతోనే ఉండిపోయిన రోజులున్నాయి.

ఆగస్టులో గేటు తోస్తుంటే మణికట్టులో టక్కున శబ్దం వచ్చి కూలబడ్డాను. గోదావరి నిండుగా పోతోంది. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బస్సులో రాజమండ్రి వెళ్లాను. చేతి ఆపరేషన్లు చేసే డాక్టరు గారు నా బొటనవేలు లేపించి ఆ గుంటలో తన వేలితో నొక్కారు. కుర్చీలోంచి లేచిపోయాను.

“చెయ్యి ఆన్చి పడ్డావా బాబూ?”

“ఆయ్, పడ్డానండి.”

“ఎన్నాళ్లయింది?”

“నాలుగు నెలలు కావస్తుందండి.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. మణికట్టుని చిటికెనవేలి వైపు వంచి మళ్లీ ఎక్స్‌రే తీయించారు, తరవాత సీటీ స్కాన్. ఒక చిన్న ఎముక నడుమ నల్లటి గీత నాకే కనపడింది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయట. అందులో ఇది స్కాఫాయిడ్, గ్రీకులో పడవ అనే మాట నుంచి వచ్చిన పేరు. దానికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు చివర నుంచి వచ్చి, వెనక్కి, ముంజేతి వైపు పారుతుంది. నడుమ విరిగితే వెనక ముక్కకి రక్తం సరిగా అందదు. “పైన గండి పడితే శివారు పొలాలకి నీళ్లందుతాయా చెప్పు?” అన్నారాయన. చిన్నప్పటి నుంచి శివారు రైతుల బాధ చూస్తున్నవాణ్ణి, అంతకంటే వివరం అక్కర్లేకపోయింది. అలాగే వదిలేస్తే ఆ ముక్క చచ్చిపోతుందని, కొన్నేళ్లకి మణికట్టంతా అరిగిపోతుందని చెప్పారు.

తుంటి ఎముక నుంచి కొంచెం ఎముక తీసి ఆ సందులో పెట్టి, టైటానియం స్క్రూతో బిగించారు. చెయ్యి కంటే తుంటి ఎక్కువ బాధపెట్టింది. వారం రోజులు దగ్గితే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. తరవాత బొటనవేలితో కలిపి ఎనిమిది వారాలు కట్టు. ఎముక అతికేదాకా సిగరెట్ తాగేవాళ్ల మధ్య కూడా కూర్చోవద్దన్నారు. కూర్చోలేదు.

ఆ ఎనిమిది వారాల్లో నన్ను ఎక్కువ కుంగదీసింది అన్నం. ఎడమచేత్తో తినడం నాకు రాలేదు. స్పూనుతో పప్పన్నం తింటే తిన్నట్టుండేది కాదు. నాలుగో రోజు అమ్మ ఏమీ అనకుండా కంచం తన ఒళ్లో పెట్టుకుని ఆవకాయ కలిపి ముద్ద నోటికి పెట్టింది. పగలంతా పొయ్యి దగ్గర కూర్చుని వచ్చిన చెయ్యి, ఇంకా కొబ్బరాకు పొగ వాసన వస్తోంది. నేను తల దించుకుని తిన్నాను. పిన్ని కూతురి పెళ్లిలో బంతి భోజనానికి మాత్రం కూర్చోలేదు. ఆకలి లేదని చెప్పి బయట నిలబడ్డాను.

కార్తీకమాసంలో తీసిన సీటీలో ఎముక కలుస్తోందన్నారు. గీత పూర్తిగా పోలేదు, కాని ఒకచోట తెల్లగా వంతెన కట్టింది. డాక్టరు గారు పెన్నుతో చూపించారు. బస్సులో వస్తూ ఆ ఫిల్మ్ కిటికీ వెలుగులో పెట్టి చాలాసార్లు చూసుకున్నాను.

కట్టు తీశాక చెయ్యి కర్రలా ఉంది. ఎడమ మణికట్టు 70 డిగ్రీలు వెనక్కి వంగుతుంటే కుడిది 20 దగ్గర ఆగింది. పిడికిలి బలం ఎడమది 38 కిలోలు, కుడిది 11. ఫిజియోథెరపీ మేడం వేడి మైనంలో చెయ్యి ముంచి తీసి, మెత్తగా అయ్యాక వంచేవారు. ఇంట్లో ఏం పని చేస్తారని అడిగారు. పూతరేకులని చెప్పగానే, “అయితే నీకు బంతులూ స్ప్రింగులూ ఎందుకు? మీ అమ్మగారి దగ్గర కూర్చో” అన్నారు.

రేకు తీయడం చూసినవాళ్లకి తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యపు పిండి నీళ్లలో గుడ్డ తడిపి కుండ మీద ఒక్క లాగు లాగితే ఆ క్షణంలోనే కాగితం కంటే పల్చని రేకు వస్తుంది. ఆ లాగులో మణికట్టు వెనక్కి వంగి ముందుకి రావాలి, మధ్యలో ఆగకూడదు. నెల రోజులు మంట లేని కుండ మీద ఉత్త తడిగుడ్డతో లాగాను. మడత నేర్చుకోవడం అంతకంటే కష్టమైంది. నెయ్యి, పంచదార వేసి మడిచేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు పట్టీ పట్టనట్టు ఉండాలి. నావన్నీ చిరిగిపోయేవి. బలం లేని చెయ్యి అవసరానికి మించి నొక్కుతుందని అప్పుడు తెలిసింది.

“పట్టుకోకు నాన్నా, ఆన్చు చాలు,” అనేది అమ్మ.

మార్చిలో బండి తీశాను. ముందు బ్రేకు మీద వేళ్లు పెట్టాను గాని నొక్కలేకపోయాను. వెనక బ్రేకుతోనే కాలువ గట్టు దాకా వెళ్లి వచ్చాను. వణుకు మణికట్టులో కాదు, కడుపులో. మర్నాడు చీపురు తీసుకుని వెంచర్‌కి వెళ్లి ఒక రోడ్డు మొత్తం ఊడ్చాను. 20 వేగంలో వచ్చి ముందు బ్రేకు ఆన్చడం, ఫోర్కులు కుంగడం చూడటం, వదిలేయడం. అదొక్కటే ఇరవై సార్లు. వెనక చక్రం లేపలేదు.

స్టాపీ సంగతి డాక్టరు గారిని దాచకుండా అడిగాను. అమ్మ కూడా పక్కనే ఉంది. ఆయన తిట్టలేదు. గోడకి చేతులు ఆన్చి పుషప్‌లు చెయ్యి, నొప్పి లేకపోతే బల్లకి, అది కూడా లేకపోతే నేల మీద, నేల మీద నొప్పి లేకుండా చేసినరోజు వచ్చి మాట్లాడు అన్నారు. గోడ అయిపోయింది. ప్రస్తుతం అమ్మ రేకులు మడిచే బల్ల దగ్గర ఉన్నాను, పొద్దున పది, సాయంత్రం పది. ఏడో దాని దగ్గర ఆ గుంటలో ఇంకా కొంచెం గుచ్చుతుంది.