సూది ముందు స్పృహ తప్పకుండా: నా అనుభవం

రబ్బరు పట్టీ కట్టి, స్పిరిట్ దూది రుద్దగానే నాకు చెవుల్లో హోరు మొదలవుతుంది. ఆ తర్వాత కళ్లు తెరిచేసరికి చుట్టూ మనుషులు. థైరాయిడ్ మందు మోతాదు సరిచూడాలంటే రక్తం ఇవ్వక తప్పదు. నేనేమో ఏదో ఒక వంకతో వాయిదా వేస్తూ వచ్చాను.

ఈసారి మా డాక్టరు చీటీ రాసి పంపేయలేదు. "సూది చూడగానే మీకు ఏమనిపిస్తుంది?" అని అడిగారు. "పడిపోతాను, ఇక లేవను" అన్నాను. ఎంత నమ్మకం? నూటికి తొంభై. ఇంతకుముందు పడిపోయినప్పుడు ఏం జరిగింది? కాసేపటికే లేచి కూర్చుని మంచినీళ్లు తాగాను. ఇవన్నీ నాచేతే కాగితం మీద రాయించారు. "ఇక లేవను" అన్నది అక్కడికక్కడే వీగిపోయింది. "పడిపోతాను" మాత్రం కదల్లేదు. ఎలా కదులుతుంది, అది నిజమే కదా! ఆయన వాడింది కాగ్నిటివ్ థెరపీ, అంటే మన ఆలోచనలు నిజమో కాదో ఆధారాలతో సరిచూసే మానసిక చికిత్స. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో బుజ్జగింపులుండవు, సాక్షిని బోనులో నిలబెట్టినట్టు ప్రశ్నలుంటాయి.

"పడిపోతాను" అనే మిగిలిన సగానికి మందు వేరే. మామూలు భయాల్లో బీపీ పెరుగుతుంది. రక్తం, సూది చూసి పడిపోయేవారికి మాత్రం సాధారణంగా ముందు పెరిగి, వెంటనే పడిపోతుంది. మెదడుకు రక్తం చాలక స్పృహ తప్పుతుంది. అలాంటప్పుడు "ఒళ్లు వదులు చేసుకోండి" అంటే ఏం లాభం? నాకు ఆ సలహా ఇవ్వనివారు లేరు! 1980లలో స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ యోరాన్ ఓస్ట్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతిని రూపొందించారు. చేతులు, పొట్ట, కాళ్ల కండరాలను ముఖం వేడెక్కేదాకా 10-15 సెకన్లు బిగబట్టాలి. తర్వాత 20-30 సెకన్లు వదలాలి, కానీ పూర్తిగా వాలిపోకూడదు. ఇలా ఐదుసార్లు.

ఇంట్లో రోజూ సాధన చేశాను. మొదట ఉత్తినే, తర్వాత సిరంజి బొమ్మలు చూస్తూ.

ల్యాబులో నా సంగతి ముందే చెప్పి పడుకున్నాను. సూది గుచ్చే చేతిని వదులుగా ఉంచి, మిగతా ఒళ్లంతా బిగించాను. హోరు వచ్చింది. పిక్కలు, తొడలు ఇంకాస్త బిగించాను. హోరు వెనక్కి తగ్గింది. "అయిపోయిందండీ" అన్నాడు ల్యాబు అబ్బాయి, నేనింకా పళ్లు బిగించే ఉన్నాను.

వచ్చేసారి కూర్చునే రక్తం ఇస్తానని డాక్టరుతో గొప్పగా చెప్పాను. "ఇంకోసారి పడుకునే ఇవ్వండి, తర్వాత చూద్దాం" అన్నారాయన.