ఇసుక ఒడ్డున కాంక్రీటు బౌల్: వెనిస్ బీచ్ స్కేట్‌పార్కు

బెజవాడ సిమెంటు రోడ్ల అతుకులకీ, కంకర తేలిన తారుకీ మా స్కేట్‌బోర్డుకి 60 మిల్లీమీటర్ల మెత్తటి 78ఏ చక్రాలే దిక్కు (‘ఏ’ ముందున్న అంకె గట్టిదనం కొలత, అది పెరిగేకొద్దీ చక్రం గట్టిది). లాస్ ఏంజిలిస్ వెళ్తూ వాటితోపాటు 54 మిల్లీమీటర్ల 101ఏ గట్టి సెట్టు కూడా సర్దుకున్నాం. వెనిస్ బీచ్‌లో అక్కరకొచ్చింది ఈ రెండోదే. నున్నటి కాంక్రీటుని మెత్తటి చక్రం పట్టేసుకుంటుంది. వేగం చచ్చిపోతుంది, బోర్డుని పక్కకి జారిద్దామన్నా జారదు.

పార్కు అచ్చంగా సముద్రపు ఇసుకలోనే ఉంది. 2009లో తెరిచారు. 16,000 చదరపు అడుగులు, టికెట్టు లేదు. హెల్మెట్, మోచేతి ప్యాడ్లు, మోకాలి ప్యాడ్లు మాత్రం కాలిఫోర్నియా చట్టం ప్రకారం తప్పనిసరి. 1970లలో కరువొచ్చి ఎండిన ఈతకొలనుల గోడలెక్కి ఈ ఆటని మార్చేసింది ఈ చుట్టుపక్కల కుర్రాళ్లే. ఆ వారసత్వం అక్కడి బౌల్ (ఖాళీ ఈతకొలనులా వంపు గోడలతో కట్టిన కాంక్రీటు గుంత) వంపుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది, చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

బౌల్‌లో కాలితో నేలని తన్నే పని లేదు. నిలబడి ఉయ్యాల ఊగినట్టే: చదునులో మోకాళ్లు వంచి, గోడ వంపు మొదలవగానే కాళ్లు చాచి నొక్కాలి. పైన మళ్లీ ముడిచి, దిగేటప్పుడు ఇంకోసారి నొక్కాలి. తొందరపడి చదునులోనే నొక్కితే ఆ బలం వృథా. ఆలస్యమైతే చక్రాలు గోడని వదిలేస్తాయి. అంచు మీంచి దిగేటప్పుడు ముందుకాలు గట్టిగా తొక్కి, భుజాలు ముందుకి వాల్చాలి. భయపడి వెనక్కి వాలితే బోర్డు ముందుకి దూసుకుపోతుంది, మనం నడ్డి మీద పడతాం. పడక తప్పదనిపిస్తే మోకాళ్ల ప్యాడ్ల మీద జారిపోవడమే క్షేమం. బౌల్‌లోకి ఒకరి తర్వాత ఒకరే దిగాలి, లోపలున్నవాళ్లు ఆగేదాకా అంచున నిలబడాలి.

పొద్దున్నే సముద్రపు మంచు తడికి కాంక్రీటు జారుతుంది. మధ్యాహ్నానికి జనం. తడి ఆరిన వెంటనే దిగడం మేలు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు ఇసుక. మూడు రోజులకే చక్రం తిప్పితే కరకరమంది. ఇంటికొచ్చాక ఎనిమిది బేరింగులూ ఊడదీశాం. గుండుసూదితో రబ్బరు సీలు లేపితే గుండ్ల మధ్య గోధుమరంగు పేస్టులా ఇసుక. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయాలి. కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుంది. పాడైతే ఆటోనగర్ బేరింగు షాపుల్లో 608, రబ్బరు సీలుది అని అడగండి. లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. రేకు మూతది వద్దు, శుభ్రం చేద్దామని లేపితే చాలాసార్లు ఆ మూత వంగిపోతుంది.