జంతువుల్ని చంపడానికి యాభై డాలర్లు

"జీతం ఇయ్యరు, నువ్వు ఆడేది లేదు, పైగా ఆఫీసుకు సెలవు పెట్టి మరీ పోతవు. మరి ఎందుకే పోతున్నవ్?" అని అమ్మ ఫోన్లో అడిగింది. ఆఫీసులో వాళ్లూ అడిగారు, కాకపోతే కాస్త మర్యాదగా. ఫోన్లో సరిగా చెప్పలేకపోయా, అందుకే ఇక్కడ రాస్తున్నా.

సమ్మర్ గేమ్స్ డన్ క్విక్ అని ఒకటి ఉంది, నేను వాలంటీరుగా పోయేది దానికే. ఈ మధ్య మినియాపొలిస్‌లో జరుగుతోంది, నేనుండేది ఆ ఊరి శివార్లలోనే. వారం రోజుల పాటు రాత్రీ పగలూ ఆపకుండా, వీడియో గేమ్‌లని రికార్డు వేగంతో పూర్తి చేసే స్పీడ్ రన్నర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆడతారు, ట్విచ్ అనే వీడియో సైట్‌లో లైవ్ వస్తుంది, చూసేవాళ్లు డబ్బులు పంపుతారు, ఆ డబ్బు దేశదేశాల్లో వైద్యం చేసే డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థకి వెళ్తుంది. జనవరిలో ఇలాంటిదే ఇంకొకటి, ఆసమ్ గేమ్స్ డన్ క్విక్, జరుగుతుంది, అది ప్రివెంట్ కాన్సర్ ఫౌండేషన్ కోసం. 2010లో మైక్ ఉయామా అనే ఆయన మొదటిసారి ఒక కన్వెన్షన్‌లో పెడదామనుకుంటే అక్కడ ఇంటర్నెట్ సరిగ్గా లేక, మొత్తం సరంజామా వాళ్ల అమ్మగారి ఇంటి బేస్‌మెంట్‌కి మార్చేశాడు. అప్పుడు వచ్చింది 10 వేల డాలర్ల పైచిలుకు. 2019 వేసవిలో ఒక్క వారంలోనే 30 లక్షల డాలర్లు దాటింది.

నేను చేసే పని గొప్పదేం కాదు. బ్యాడ్జీలు ఇవ్వడం, ఏ గది ఎటో చూపించడం, తలుపు దగ్గర నిలబడి "రన్ నడుస్తోంది, కాస్త మెల్లగా" అని చెప్పడం. అన్నింటికంటే కష్టమైంది టీవీలు మోయడం. వెనక పెద్ద బొడ్డుతో ఉండే పాత డబ్బా టీవీలు ఉండేవి చూడండి, మన ఇళ్లలో ఎప్పుడో పాత సామానువాడికి ఇచ్చేసినవి, అవి ఇక్కడ బంగారం. పాత నింటెండో గేమ్‌లని కొత్త ఎల్ఈడీ టీవీకి కలిపితే బటన్ నొక్కడానికీ తెర మీద బొమ్మ కదలడానికీ మధ్య రవ్వంత ఆలస్యం వస్తుంది, మనలాంటివాళ్లకి తెలియదు గానీ సెకనులో అరవయ్యో వంతు లెక్క చూసుకునేవాళ్లకి అదే పెద్ద నష్టం. తుపాకీ గురిపెట్టి బాతుల్ని కొట్టే ఆట అయితే కొత్త టీవీ మీద అసలు పనే చేయదు. అందుకని ఆ టీవీలు. ఇద్దరు పడితే గానీ లేవవు, మర్నాడు నడుం పట్టేస్తుంది.

మరి ఎందుకు పోతానంటే, అడిగే పద్ధతి నచ్చి.

సూపర్ మెట్రాయిడ్ అని 1994 నాటి గేమ్ ఒకటి. చివర్లో గ్రహం పేలిపోతుంటుంది, హీరోయిన్ గడియారంతో పోటీ పడి ఓడ దాకా పరిగెత్తాలి. దారిలో ఒక పక్క గదిలో కొన్ని జంతువులు చిక్కుకుని ఉంటాయి. ఆగి కాపాడొచ్చు, కానీ కొన్ని సెకన్లు పోతాయి, స్పీడ్ రన్నర్‌కి సెకన్లే ప్రాణం. అందుకని ఆ నిర్ణయం చూసేవాళ్ల చేతిలో పెడతారు. జంతువుల్ని కాపాడాలా, చంపాలా? ఏ వైపు ఎక్కువ డాలర్లు పడితే అది. అయిదు డాలర్ల పిల్లకాయల నుంచి వేలు పెట్టేవాళ్ల దాకా రెండు పార్టీలుగా చీలిపోయి కొట్టుకుంటారు. ఈ ఒక్క గొడవ మీదే లక్ష డాలర్లు దాటిన సందర్భాలు ఉన్నాయి. (నేను చంపే పార్టీ. ఏటా ఓ యాభై డాలర్లు దానికే. వేగంగా ఆడటానికి వచ్చి మధ్యలో పుణ్యకార్యాలేంటి?)

బాలాపూర్ లడ్డూ వేలం చూసినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు. 1994లో 450 రూపాయలకి పోయిన లడ్డూ 2025లో 35 లక్షలకి పోయింది. లడ్డూ రుచి చూసి ఎవరూ అంత పెట్టలేదు. పాట పెరుగుతుంటే చుట్టూ జనం కేకలు, పక్కవాడు ఇంకో లక్ష అంటే ఊరుకోలేని పంతం, దేవుడి మీద భక్తి, అన్నీ కలిసి ఊరి పనులకి డబ్బు పుడుతుంది. అక్కడ ఎవరూ చేతులు జోడించి బతిమాలరు.

మా తెలుగు అసోసియేషన్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, నేను ఆయన్ని అన్నయ్యగారూ అంటాను, ఆయనకి నా సంగతి తెలిసి "ఇంత ఓపిక ఉన్నదానివి మన ఊరికి ఏదైనా చేయొచ్చు కదమ్మా, ఈ వీడియో గేమ్‌లేంటి చిన్నపిల్లల్లా" అన్నారు. ఆయన మంచివారే. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ప్రతి విన్నపానికీ ముందు డబ్బు పంపేది ఆయనే. ముక్కుకి గొట్టం పెట్టిన బాబు ఫోటో, పక్కన ఏడుస్తున్న తల్లి, కింద అకౌంట్ నంబరు. నేనూ పంపుతాను. అవి అబద్ధాలని అనట్లేదు, ఆ తల్లి కష్టం నిజం. కానీ ఎన్నాళ్లుగానో నాకు నచ్చనిది ఒకటుంది: ఫోటో ఉన్నచోటికే డబ్బు వెళ్తుంది. బిడ్డ ముద్దుగా ఉండాలి, గ్రూపులో తెలిసినవాళ్లు ఎవరో ఉండాలి, జబ్బుకి పేరు ఉండాలి. ఇవేవీ లేనివాళ్ల సంగతి?

మాది భద్రాచలం. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి ఊళ్లు వదిలి గుత్తికోయలు అనే ఆదివాసీలు వేల మంది మా వైపు అడవుల్లోకి వచ్చేశారు. కరెంటు లేదు, రోడ్డు లేదు, రేషన్ కార్డు లేదు, చాలామందికి తెలుగు రాదు. మలేరియా మాత్రం ఉంది. ఆ రోజుల్లో సెలవులకి ఇంటికెళ్తే మా బాబాయి మందుల షాపు ముందు ఒక్కోసారి తెల్ల జీపు ఆగి ఉండేది, అద్దం మీద తుపాకీ బొమ్మ, దాని మీద ఎర్ర గీత. ఆయుధాలు ఎక్కించుకోం అని అర్థం. వాళ్లు డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ మనుషులు. జీపు వెళ్లినంత దూరం వెళ్లి, ఆ తర్వాత మందుల పెట్టెలు మోసుకుంటూ నడిచి, చెట్టు కింద క్లినిక్ పెట్టేవాళ్లట. అప్పట్లో నేను ఆ గుత్తికోయల గురించి ఏ ఫార్వర్డూ చూడలేదు. ఊళ్లో మేమే వాళ్ల గురించి మాట్లాడుకునేది తక్కువ.

వాళ్లకి మందులు ఎవరి డబ్బుతో వచ్చాయి? ఆ సంస్థకి వచ్చే డబ్బులో తొంభై శాతానికి పైగా ప్రభుత్వాలది కాదు, ఎక్కువగా మామూలు మనుషులు పంపిందే. ఎక్కడో ఎవరో ఇచ్చారు, భద్రాచలం అనే పేరు కూడా వినకుండా.

2004 సునామీ అప్పుడు ఇదే సంస్థ ఒక పని చేసింది. డబ్బు విపరీతంగా వచ్చిపడుతుంటే, వారం తిరిగేసరికి "సునామీకి మాకు సరిపడా వచ్చింది, ఇక దానికోసం పంపొద్దు, ఇచ్చినదాంట్లో మిగిలేది వేరేచోట వాడటానికి ఒప్పుకోండి" అని చెప్పింది. వస్తున్న డబ్బుని వద్దన్నారు! మిగతా సంస్థలు కొన్నింటికి కోపం వచ్చింది కూడా. టీవీలో కనిపించిన చోట అవసరానికి మించి, కనిపించని చోట ఏమీ లేకుండా పోతుందని వాళ్లకి తెలుసు.

ఇప్పుడు ఈ గేమ్‌ల డబ్బు చూడండి. మెట్రాయిడ్ జంతువుల కోసం అయిదు డాలర్లు వేసిన కుర్రాడు "నాకు ఏ పిల్లాడి ఫోటో చూపించారు" అని అడగడు. వాడికి ఆట చాలు, వాడు రాసిన మెసేజ్ పైకి చదివితే ఇంకా సంతోషం, కొందరు కాన్సర్‌తో పోయిన నాన్న గురించి రాస్తారు, కొందరు వట్టి జోకు రాస్తారు. 2024 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో పీనట్ బటర్ అనే షిబా ఇను కుక్క గైరోమైట్ అనే పాత గేమ్ ఆడింది, నిజంగా, పంజాతో బటన్లు నొక్కుతూ, దాన్ని చూసి కూడా జనం డబ్బులిచ్చారు. ఆ డబ్బుకి ఎవరి ముఖమూ అంటుకుని ఉండదు. అవసరం ఎక్కడుందో పనిచేసేవాళ్లు చూసుకుంటారు. ఎవరూ మంచం మీద పడుకుని కెమెరా ముందు బాధపడి చూపించక్కర్లేదు.

అన్నయ్యగారికి ఇదంతా చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "ఎవరికి వెళ్లిందో తెలియని డబ్బు ఇచ్చినట్టు అనిపించదమ్మా" అన్నారు. అదీ ఒక న్యాయమే, మనిషికి మనిషి కనిపించాలనుకోవడం తప్పు కాదు. నేను మాత్రం మా గుత్తికోయల వైపు నుంచి ఆలోచిస్తా.

ఇక అమ్మకి: రాత్రి షిఫ్టులో కాఫీ బాగోదు, పార్కింగ్ మండిపోతుంది, నువ్వు అడిగినవన్నీ నిజమే. మినెసోటా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే వాలంటీర్లకి దరఖాస్తు తెరిచినప్పుడు పెట్టండి. గేమ్‌లు రాకపోయినా ఫర్వాలేదు. నడుం గట్టిగా ఉంటే మరీ మంచిది, డబ్బా టీవీకి రెండో వైపు పట్టుకోవడానికి ఎప్పుడూ మనిషి తక్కువే.